ఓక్‌సున్ కలిపింది ఎనిమిది నిమిషాలు

ప్యో ఓక్‌సున్ కుడి భుజం బడి వంటగదిలో పాడవలేదనీ, ఇంట్లో బీరు కాచుకుంటూ గింజలు కలిపి కలిపి ఆమే పాడుచేసుకుందనీ కార్మికుల గాయాలను విచారించే కార్యాలయం మార్చి పన్నెండో తేదీన తేల్చింది. తేల్చడానికి ఒకటిన్నర పేజీ సరిపోయింది. అందులో ఆమె పంతొమ్మిదేళ్ళ కొలువుకు రెండు వాక్యాలు దక్కాయి. పదిహేను రోజులకోసారి ఆమె ఇంట్లో పొయ్యెక్కే ఒక గిన్నెకు పదకొండు వాక్యాలు దక్కాయి.

గాయం కొలువు వల్ల అయినదేనని ఆ కార్యాలయం ఒప్పుకుంటే, శస్త్రచికిత్స జరిగి భుజం కుదుటపడేదాకా ఆమె ఉద్యోగం ఆమెదే. ఒప్పుకోకపోతే మే ముప్పై ఒకటితో గాయానికి పెట్టిన సెలవు అయిపోతుంది. జూన్ ఒకటిన పొద్దున్నే ఆమె చిరిగిన భుజంతో తెడ్డు పట్టుకోవాలి, లేదా రాజీనామా రాసివ్వాలి. ఆమెకు యాభై ఏడేళ్ళు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. వేరే విద్య రాదు.

జేచన్ ఊరి చివర ఉన్న ఆ బడిలో ఆరువందల నలభై మంది పిల్లలు, ఐదుగురు వంటవాళ్ళు. కళాయిలు మూడు, ఒక్కొక్కటీ మనిషి దిగి స్నానం చేయగలిగినంత. తెడ్డు అనగానే అన్నం తీసే గరిటె ఊహించుకుంటే పొరపాటు. అది ఓక్‌సున్ గడ్డం దాకా వచ్చే ఇనుప పార. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండున్నర దాకా దానితో కిందిది పైకి, పైది కిందికి తిప్పాలి. ఆపితే అడుగంటుతుంది. అడుగంటితే ఆ మాడు వాసన ఆరువందల నలభై పళ్ళేలలోకీ పోతుంది. పన్నెండూ పదికి పిల్లలు వరస కడతారు, ఆ గంట ఎవరికోసమూ ఆగదు.

నవంబరులో ఒక మంగళవారం బంగాళాదుంపల పులుసు చిక్కబడుతోంది. తెడ్డు కళాయిలో నిటారుగా నిలబడే ఉంది. ఓక్‌సున్ చెయ్యి మాత్రం దాని మీదినుంచి జారి పక్కన వేలాడింది.

పక్క కళాయి దగ్గరున్న బోంగ్ హ్వాజా చూసింది. ఇద్దరూ ఆ వంటగదిలో పదకొండేళ్ళుగా కలిసి చేస్తున్నారు.

"అక్కా, ఏమైంది?"

"చెయ్యి మాట వినట్లేదే."

"వినకపోతే నాలుగు తగిలించు."

"తగిలిద్దామంటే రెండోది పులుసు కలుపుతోంది కదా."

నిజంగానే ఎడమచెయ్యి అప్పటికే తెడ్డు అందుకుంది. పులుసు అడుగంటలేదు. పిల్లలు వేళకే తిన్నారు. సాయంత్రం ఆసుపత్రిలో తీసిన చిత్రంలో, భుజాన్ని ఎముకకు పట్టి ఉంచే కండ అంచు పాతగుడ్డ చిరిగినట్టు చిరిగి కనిపించింది. ఇది ఒక్కరోజు చిరుగు కాదనీ ఏళ్ళ తరబడి అరిగిన చిరుగనీ వైద్యుడు రాసిచ్చాడు. ఆ మాటను కార్యాలయం కూడా ఒప్పుకుంది. అరగదీసింది ఏదన్న దగ్గరే దాని చూపు కళాయి మీదినుంచి బీరు గిన్నె మీదికి మళ్ళింది.

ఆ గిన్నె కథ ఆరేళ్ళ కిందటిది. శీతాకాలపు సెలవుల్లో పురపాలక భవనంలో బీరు కాచడం నేర్పుతారని తెలిసి ఐదుగురు వంటవాళ్ళూ వెళ్ళారు. నాలుగు వారాలు తిరిగేసరికి నలుగురికీ విసుగొచ్చింది, ఓక్‌సున్‌కు రాలేదు. గింజలు వేసి నానబెట్టడానికి అక్కడ నైలాను సంచి అమ్ముతుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఇంటికి పోయి, తల్లి సోయాపాలు వడకట్టి టోఫు పిండిన నూలుసంచి వెతికి తెచ్చింది. ఉతికి ఉతికి ఎండిన తామరాకు రంగుకు తిరిగిన ఆ సంచిలోనే ఈనాటికీ ఆమె బీరు తయారవుతోంది.

పని పెద్దదేమీ కాదు. పెద్ద గిన్నెలో నీళ్ళు పొగలు వచ్చేదాకా కాచి, మంట తీసేసి, సంచిని అంచుల మీదికి మడిచి దించుతుంది. మొలకెత్తించి ఎండబెట్టి మరపట్టిన బార్లీని అందులో కొంచెం కొంచెంగా పోస్తుంది. పోసిన వెంటనే కలపాలి. కలపకపోతే పిండి ఉండలు కడుతుంది. పైకి తడిసినట్టుంటుంది గానీ ఉండ నడుమ పొడిగానే మిగులుతుంది, ఆ పొడిలోని తీపి నీళ్ళలోకి రాదు. కొయ్యగరిటెతో అడుగునుంచి పైకి లాగుతూ, దొరికిన ఉండను గిన్నె గోడకు ఆనించి నొక్కితే అది విచ్చుకుంటుంది. విచ్చుకున్న సంగతి కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది. ఎనిమిది నిమిషాలలో ఉండలన్నీ పోతాయి. అడుగున ఒకసారి, నడుమ ఒకసారి, అంచున ఒకసారి వేడి చూస్తుంది. మూడుచోట్లా అరవై ఏడు డిగ్రీలు చూపిస్తే మూత పెట్టి, బొంత చుట్టి, గంటసేపు దాని జోలికి పోదు. ఆ గంటలో మూత తీసి కలిపినవాళ్ళు వేడి పోగొట్టుకుంటారు, వేడితోపాటు తీపీ పోగొట్టుకుంటారు. గంట కాగానే సంచి మూతిని, బాల్కనీ కప్పుకు వేలాడే బట్టలు ఆరేసే చట్రం కొక్కేనికి తగిలించి మర తిప్పుతుంది. చట్రం పైకి పోతుంది, దానితో సంచీ లేస్తుంది. బరువు మోసేది కప్పు.

నవంబరు తరువాత ఆమె ఆ ఎనిమిది నిమిషాలూ ఎడమచేత్తోనే కలిపింది. అంతకు ముందు ఏ చేత్తో కలిపినా, బడి కళాయి ముందు అది లెక్కలోకి రాదు. అక్కడ ప్రతి పూటా ఎవరో తరుముతుండగా తిప్పేది. ఇక్కడ తొందరపెట్టేవాళ్ళు లేరు, మాడిపోయేది లేదు. వారమంతా తిప్పిన తెడ్డుకు విరుగుడులా ఉండేదని ఆమే హ్వాజాతో అన్నది. తయారైన బీరు శుక్రవారం సాయంత్రాలు, కళాయిలు తోమాక, ఐదుగురూ కలిసి తాగేవాళ్ళు.

ఓక్‌సున్ తల్లి కూడా ఇంట్లో సారా పులియబెట్టేది. బొగ్గుగనుల ఊళ్ళో అది బియ్యపు సారా, దొరికితే జరిమానా పడే సారా. సుంకం మనుషులు వచ్చి గడ్డివాముల్లో ఇనుపచువ్వలు గుచ్చి జాడీల కోసం వెతికేవాళ్ళు. ఒకసారి వాళ్ళు వాకిట్లోకి వస్తుంటే తల్లి జాడీ మీద పరుపు వేసి, ఏడేళ్ళ ఓక్‌సున్‌ను దాని మీద పడుకోబెట్టి, పిల్లకు అమ్మవారు పోసిందని చెప్పింది. వాళ్ళు గుమ్మం దాటలేదు. చేతిలో కాగితమున్న మగాడికి జాడీ చూపించకూడదని ఆ రోజు తల్లి నేర్పింది. యాభై ఏళ్ళు గడిచాయి. ఇంట్లో తాగడానికి కాచుకోవడం ఇప్పుడు నేరం కాదు. ఓక్‌సున్ ఆ పాఠం మరిచిపోయింది.

ఫిబ్రవరి ఆరున తక్ జేమూన్ వచ్చాడు. ఆ కార్యాలయం పంపిన, ముప్పై దాటని విచారణాధికారి. భుజం గాయమైనవాళ్ళ ఇంటి పరిస్థితి చూసి నివేదిక రాయడం అతని పని. అతను గంట కొట్టేసరికి గింజలు నీళ్ళలో పడి ఐదు నిమిషాలయింది. ఓక్‌సున్ తలుపు తీసి, మళ్ళీ పొయ్యి దగ్గరకు పరిగెత్తింది.

"లోపలికి రండి, బయట మంచు. ఒక్క మూడు నిమిషాలు, ఇది వదిలితే ఉండలు కడుతుంది."

"కంగారు లేదు అమ్మగారూ, కానివ్వండి. భలే వాసనొస్తోందే! జావా?"

"జావ కాదు, బీరు."

"బీరా! అమ్మగారూ, మీరు సామాన్యులు కాదు. మా అమ్మ చూస్తే గుండెలు బాదుకుంటుంది."

అతను ఫోనుతో రెండు ఫొటోలు తీశాడు. ఎడమచేత్తో కలుపుతున్న ఓక్‌సున్ రెండింటిలోనూ ఉంది. మూడు నిమిషాలయ్యాక ఆమె వేడి చూసి, మూత పెట్టి, బొంత చుట్టింది. తక్ చేతి తొడుగులు మంచుకు తడిసిపోయి ఉన్నాయి. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే ఆమే గిన్నె వైపు చూపించింది.

"దాని మీద పరవండి బాబూ. వెచ్చగా ఉంటుంది, మీరు పోయేలోపు ఆరిపోతాయి."

అతను పరిచాడు. ఇద్దరూ ఆ గిన్నె పక్కనే బల్ల దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నారు. ఏళ్ళు, గంటలు, కళాయిల కొలతలు అతను అడిగాడు, ఆమె చెప్పింది. మధ్యలో కిందటి దఫా కాచిన బీరు గ్లాసులో పోసింది.

"డ్యూటీలో ఉన్నాను అమ్మగారూ. అర గ్లాసు చాలు."

అర గ్లాసు తాగాడు. మిగతా సగం కూడా తాగాడు.

"ఇంతకీ ఇది ఎంతసేపు పడుతుంది?"

"గంట."

"గంటే! మా అమ్మ గుమ్మడికాయ జావకు నిలబడినట్టు, పెట్టిన చెయ్యి తీయకుండా తిప్పుతూనే ఉండాలన్నమాట. చెయ్యి పడిపోదూ?"

ఓక్‌సున్ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకొని నవ్వింది.

ఆ నవ్వుకు అర్థం ఆ ఊళ్ళో ఏ గడపలో అడిగినా చెబుతారు. అతిథి తన ఇంటి వంట గురించి తెలిసీతెలియని మాట అంటే ఇల్లాలు సరిదిద్దదు. సరిదిద్దితే అతను చిన్నబోతాడు. పైగా వచ్చినవాడి సంచిలో తన దస్త్రం ఉంది. కలపని గిన్నె అతని కళ్ళెదుటే ఉంది, దాని మీద అతని తొడుగులే ఆరుతున్నాయి. ఇక చెప్పేదేముందని ఆమె నవ్వి ఊరుకొని, ఎండుచేప ముక్కలు ముందుకు జరిపింది.

నివేదికలో అతను రాసింది ఇది: "దరఖాస్తుదారు నెలకు రెండుసార్లు, దఫాకు గంట చొప్పున, బరువైన గింజల ముద్దను నిరంతరాయంగా కలుపుతుంది. ఈ విషయాన్ని ఆమె ఎదుట ప్రస్తావించగా ఖండించలేదు." మౌనం అర్ధాంగీకారమంటారు. నవ్వు పూర్ణాంగీకారమని ఈ కార్యాలయం కనిపెట్టింది. ఎడమచెయ్యి మాట నివేదికలో లేదు. రెండు ఫొటోలనూ కుడిచెయ్యీ ఎడమచెయ్యీ కనబడకుండా గిన్నె వరకే కత్తిరించి జతచేశారు. గ్లాసు మాట లేదు. తొడుగుల మాట అసలే లేదు.

మార్చి పన్నెండు నాటి కాగితాన్ని హ్వాజా బడి వంటగది వెనక, కూరగాయల బుట్టల మధ్య నిలబడి పైకి చదివింది. చివరిదాకా చదివి మళ్ళీ మొదటికి వచ్చింది.

"గంటసేపు కలుపుతావంట అక్కా. బీరు కాస్తున్నావా, రోడ్డుకు తారు కాస్తున్నావా?"

"నేను కాదనలేదంట."

"ఎందుకు కాదనలేదు?"

"ఇంటికొచ్చిన మనిషినే! తాగుతున్న గ్లాసు లాక్కొని, నీకేం తెలుసురా అనమంటావా?"

"అనాల్సింది."

"మా అమ్మైతే పరుపేసి దాని మీద నన్ను పడుకోబెట్టేది," అంది ఓక్‌సున్.

ఆమె పునఃసమీక్ష కోరింది. మే తొమ్మిదిన పదిన్నరకు రమ్మన్నారు, ఐదు నిమిషాలు మాట్లాడవచ్చన్నారు. ఆ పొద్దున ఆమె చిన్న గిన్నెలో, తల్లి సంచిలో, కిలో గింజలు వేసింది. ఎడమచేత్తో ఎనిమిది నిమిషాలు కలిపింది, హ్వాజా గడియారం పట్టుకొని నిలబడింది. తొమ్మిదీ ఇరవైకి మూత పెట్టి, బొంత చుట్టి, తాడు కట్టారు. టాక్సీలో హ్వాజా దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

సమీక్ష సంఘంలో ముగ్గురు. నడుమ అధ్యక్షుడు, అటూఇటూ ఒక న్యాయవాది, ఒక వైద్యురాలు. తక్ గోడ పక్కన కూర్చున్నాడు. బల్ల మీదికి బొంత మూట రాగానే అధ్యక్షుడి ముఖం చిట్లింది.

"ఏంటమ్మా ఇది? ఇదేమీ వంటల పోటీ కాదు."

"కాదండీ. మీరు రాసిన గిన్నెలాంటిదే తెచ్చాను."

"మాట చెప్పండి చాలు."

"ముందు ఆయన్ని ఒక్క మాట అడగొచ్చా?" ఓక్‌సున్ తక్ వైపు తిరిగింది. "బాబూ, ఆ రోజు మీ తొడుగులు ఎక్కడ ఆరబెట్టారు?"

తక్ కాగితాలలోకి చూశాడు. "గుర్తు లేదు అమ్మగారూ."

"నేను మీ అమ్మను కాదు. నా పేరు ప్యో ఓక్‌సున్, దస్త్రం మీద ఉంది. గిన్నె మీద ఆరబెట్టారు. నలభై నిమిషాలు. నేను గంటసేపు కలిపితే ఆ తొడుగులు గిన్నెలో పడి ఉడికి ఉండాలి కదా?"

హ్వాజా కిసుక్కుమంది. వైద్యురాలు నవ్వు ఆపుకోవడానికి కలం మూత పెట్టింది. అధ్యక్షుడు ఆ ప్రశ్న విచారణకు సంబంధం లేనిదని రాయించాడు.

ఓక్‌సున్ తాడు విప్పింది. మూత తీయగానే ఆ గదిలో వెచ్చని, తియ్యని వాసన కమ్ముకుంది. గడియారం పదీ నలభై చూపిస్తోంది. ఆమె ఆ నీళ్ళు ఒక చిన్న కప్పులో తీసి బల్ల మీద పెట్టింది.

"మూత పెట్టినప్పుడు ఇది పిండినీళ్ళు. ఇప్పుడు రుచి చూడండి. మధ్యలో దీన్ని ఎవరూ కలపలేదు. ఈవిడ ఒళ్ళో కూర్చొని వచ్చింది, అంతే."

అధ్యక్షుడు ముట్టుకోలేదు. న్యాయవాది అధ్యక్షుడి వైపు చూశాడు. వైద్యురాలు చెంచాతో తీసి నోట్లో వేసుకుంది.

"సిఖేలాగే ఉంది," అంది ఆమె.

సిఖే ఆ దేశంలో పండగనాడు ప్రతి ఇంట్లో ఉండేదే. అన్నంలో బార్లీ మొలకల నీళ్ళు పోసి, వెచ్చగా మూసిపెట్టి వదిలేస్తే తీపెక్కే పానీయం. తక్ తల్లి జావ కాచే మనిషే అయితే సిఖే కూడా చేసే మనిషే. కొడుకుకు జావే గుర్తొచ్చింది.

"అదేనండీ," అంది ఓక్‌సున్. "సిఖేను ఎవరైనా కలుపుతారా? మీ అమ్మ కలిపిందా ఎప్పుడైనా?"

"మా అమ్మ మూత తీస్తే చేతి మీద కొట్టేది," అంది వైద్యురాలు. ఆపైన అధ్యక్షుడి వైపు తిరిగి, "ఈ గంట మాట కొట్టేయాలండీ" అంది.

అధ్యక్షుడు గొంతు తగ్గించాడు గానీ, బల్ల ఇవతల ఉన్న ఇద్దరికీ వినిపించింది. "ఈ ఒక్క భుజం ఒప్పుకుంటే రేపు ప్రతి బడి వంటగదీ ఇక్కడే క్యూ కడుతుంది డాక్టరుగారూ."

ఐదు నిమిషాలు అయిపోయాయన్నారు. హ్వాజా మూట కట్టింది. మెట్లు దిగుతూ, "తీపి వచ్చింది అక్కా, మరి?" అంది.

"తీపి రాక ఏం చేస్తుంది? దానికి అధ్యక్షుడెవరో తెలీదుగా."

మే ఇరవైన రెండో కాగితం వచ్చింది. గంట అన్న మాట అందులో లేదు. దాని స్థానంలో ఇలా ఉంది: "కలిపే వ్యవధిపై భిన్నాభిప్రాయం ఉన్నప్పటికీ, ఇంటిపని ప్రభావాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. తొలి నిర్ణయాన్ని మార్చవలసిన అవసరం లేదు." పునాది తీసేశారు, గోడ మాత్రం నిలబడే ఉందన్నారు. గంట కాదని ఒప్పుకున్నవాళ్ళు మరి ఎంతో రాయలేదు. రాస్తే పదిహేను రోజులకు ఎనిమిది నిమిషాలని రాయాలి. దాని పక్కన, రోజుకు మూడున్నర గంటలని రాయాలి. ఆ రెండూ ఒక్క పేజీలో పక్కపక్కన పడితే చదివినవాడికి ఇక వాదన అక్కర్లేదు. అందుకే ఆ పేజీ రాయలేదు.

ఆ సాయంత్రం ఓక్‌సున్ తల్లి సంచిని ఉతికి చట్రం మీద ఆరేసింది. బీరు కాయడం మానేస్తావా అని హ్వాజా అడిగింది.

"మానేస్తే వాళ్ళు రాసింది నిజమని ఒప్పుకున్నట్టేగా," అంది ఓక్‌సున్. "మళ్ళీ శుక్రవారం కాస్తాను. ఈసారి తలుపు కొట్టినవాడికి గ్లాసు ఇవ్వను."

తక్ జేమూన్ గారూ, మీ తొడుగులు ఎక్కడ ఆరాయో మీకు గుర్తుంది. సంతకం చేసి ఆ మాట రాసివ్వండి. కత్తిరించిన ఫొటోలను పూర్తిగా దస్త్రంలో పెట్టండి. అధ్యక్షుడుగారూ, ప్రతి వంటగదీ క్యూ కడుతుందని మీరు భయపడ్డారంటే, ఆ వంటగదుల్లో ఏం జరుగుతోందో మీకు తెలుసునన్నమాట. తెలిసి రాసిన అబద్ధాన్ని పొరపాటని పిలవడానికి వీల్లేదు. ఇంట్లో ఆమె ఎంతసేపు కలిపిందో లెక్కపెట్టడానికి మనిషిని పంపిన కార్యాలయం, బడిలో ఎంతసేపు కలిపిందో లెక్కపెట్టడానికి ఈ రోజుదాకా ఎవరినీ పంపలేదు. పంపండి. పొద్దున ఎనిమిదికి మీలో ఒకరు వచ్చి, ఆ ఇనుప తెడ్డు పట్టుకొని, పదకొండున్నర దాకా ఆపకుండా తిప్పండి. తరువాత, చెయ్యి ఇంకా లేస్తే, ఆ చేత్తోనే ప్యో ఓక్‌సున్ భుజం ఎక్కడ చిరిగిందో రాయండి. మే ముప్పై ఒకటి లోపు రాయండి.